గంటల గీత

మగ్గాలు ఆగినప్పుడు నిశ్శబ్దం నూలు దుమ్ములా మెల్లగా దిగేది. మొదటి లాక్‌డౌన్ తర్వాత, సచిన్ అనే మగ్గాల ఊళ్లో, యజమాని దశరథ కార్ఖానాలో ఆ విరామాన్ని అడిగి పెట్టించింది నేతగాడు మొండయ్యే. మగ్గాలకు నూనె పెట్టాలి, షెడ్డు ఊడవాలి అని చెప్పాడు. షిఫ్టు మారేటప్పుడు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట.

అసలు సంగతి వెనక గదిలో ఉంది. అక్కడ మనుషులకు సగమే మంచాలు. ఒకరు లేచిన చోటే మరొకరు పడుకోవాలి. రోగం ఒకరి నుంచి ఒకరికి అంటకుండా ఆ గంటలో తలుపులు బార్లా తెరిచి, దుప్పట్లు తీగ మీద ఆరేసేవారు. మొండయ్యది రాత్రి షిఫ్టు, పరుశురాంది పగటి షిఫ్టు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే మంచం.

"నీ మొకం కన్నా నీ దిండు వాసననే ఎక్కువ ఎర్కైందే అన్నా," అనేవాడు పరుశురాం.

మరుసటి ఏడు మార్చిలో దశరథ కూతురు హిమశ్రీ కార్ఖానాకు వచ్చింది. కాలేజీ మూతపడి ఫోన్లోనే చదువుతోంది. గళ్ల కాగితం మీద అడ్డంగా చీర బట్ట, నిలువుగా మాస్కు బట్ట అని రాసి, రెండు వాలు గీతలు గీసింది.

"ఇది నూలు గీత కాకా, ఇది మగ్గాలు నడిచే గంటల గీత. ఈ రెండింటి లోపలనే మన పని. రెండూ కలిసిన ఈ మూల మీదనే లాభం అన్నిటికన్నా ఎక్కువ."

గీతల కిందంతా పెన్సిల్‌తో నింపింది. మొండయ్యకు అది వాన ముందటి మసకలా కనిపించింది.

"రోజుకు ఇరవై రెండు గంటలే ఎందుకు నడుస్తున్నయ్? ఆపకుంటే కాదా?"

మొండయ్య ఆమె తెల్లని చేతి రుమాలు వైపు చూశాడు. ఒకరి చెమటలో ఒకరం పడుకుంటామని ఈ పిల్లతో ఎలా అనడం? సిగ్గేసి చూపు మగ్గాల వైపు తిప్పుకున్నాడు.

"నూనె పెట్టుడు, ఊడ్సుడు... నడుస్తుండంగ గూడ చెయ్యొచ్చు బిడ్డా," అన్నాడు.

"గిదేదో ముందుగాల్నే చెప్పొద్దా మొండయ్యా," అని నవ్వాడు పక్కనే ఉన్న దశరథ.

హిమశ్రీ గంటల గీతను రబ్బరుతో తుడిచి, కాస్త బయటికి జరిపి గీసింది. మసక పెద్దదైంది.

మర్నాటి నుంచి మగ్గాలు ఆగలేదు. నడుస్తున్న మగ్గమే ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేది. బయట తీగ ఖాళీగా ఊగేది. రోడ్డు మీద అంబులెన్సులు ఎక్కువయ్యాయి. మగ్గాల మోతలో వాటి కూత వినిపించేది కాదు, ఎర్ర వెలుగు మాత్రం గోడ మీద పాకిపోయేది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున మగ్గం అందుకుంటూ పరుశురాం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏందిరా?"

"ఏం లేదన్నా. జర ఒళ్లు నొప్పులు."

మొండయ్య గదికి వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. పరుపు రోజూ వెచ్చగానే ఉంటుంది, మనిషి లేచిన వెచ్చదనం. ఈ వేడి అది కాదు. అరచేయి ఆనించి ఉంచాడు. పొయ్యి మీంచి అప్పుడే దింపిన పెనంలా ఉంది. దుప్పటి తడిసి ఉంది. నిన్న కూడా ఇంతే ఉందేమో. మొన్న కూడా. నిద్రమత్తులో తనకు తెలియలేదు.

దుప్పటి లాగి తీగ మీద వేసి, గడపలో కూలబడి హిమశ్రీకి ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఆ గీత ఎనుకకు జరుపు. మగ్గాలు ఆపమని మీ నాయనకు చెప్పు. ఆ గంట నూనెకు కాదు."

"మరి దేనికి కాకా?"

చెప్పడానికి నోరు తెరిచాడు. మాట కంటే ముందు దగ్గు వచ్చింది.