స్విమ్మింగ్‌పూల్లో బతుకమ్మ

సుచిత్రకు రోత ఎక్కువ. జవహర్‌నగర్‌లో చెత్తగుట్ట వాసన పీల్చుకుంటూ పుట్టి పెరిగిన పిల్లకు ఇంత రోతేమిటని పెళ్లయిన కొత్తలో అత్తవారింట్లో తెగ నవ్వుకున్నారు. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. పట్నమంతా పారేసింది రోజూ కళ్లారా చూస్తూ పెరిగిన మనిషికి ఏది ఎవరు ఎందుకు పారేశారో చూడగానే తెలిసిపోతుంది. తెలిశాక ముద్ద దిగడం కష్టం. అందరూ ఎంగిలి గ్లాసు చూసే చోట ఆమె ఎంగిలి చేసిన మనిషిని చూస్తుంది.

అలాంటి మనిషికి దొరికిన కొలువు చూడండి. అలియాబాద్ దాటి కరీంనగర్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే గోపాలరావు అనే పెద్దమనిషి ఫామ్‌హౌసు ఉంది. మామిడి చెట్లు, కత్తిరించిన గడ్డి, నీలం పలకల స్విమ్మింగ్‌పూలు. సుచిత్ర భర్త రమేష్ అక్కడ వాచ్‌మన్, తోటమాలి, మోటారు చెడితే మెకానిక్. వండేదీ, ఊడ్చేదీ, అంట్లు తోమేదీ సుచిత్ర. వెనక రేకుల గదిలో కాపురం. బిందుకు ఏడేళ్లు, దాని తమ్ముడికి మూడు.

కరోనా వచ్చి లోకమంతా తలుపులు మూసుకుంది. లాక్‌డౌన్ సడలించగానే గోపాలరావు గేటు మాత్రం బార్లా తెరుచుకుంది. బళ్లు లేక ఫ్లాట్లలో పిల్లలు పిచ్చెక్కిపోతున్నారని, పచ్చదనం చూపించాలని పట్నం తల్లిదండ్రులు శుక్రవారం సాయంత్రానికి కార్లు వేసుకుని దిగేవాళ్లు. దిగడం ఆలస్యం, తలుపు పిడులకు, కుర్చీలకు, చివరికి మామిడి కొమ్మకు కట్టిన ఉయ్యాలకు కూడా శానిటైజర్ కొట్టేవాళ్లు. అంత శుభ్రమైన మనుషులు పోయాక సోమవారం పొద్దున చూడాలి ఆ వైభోగం. గడ్డిలో డైపర్లు, మాస్కులో మూటగట్టిన కోడి ఎముకలు, స్విమ్మింగ్‌పూల్లో ఉబ్బి తేలుతున్న పిజ్జా. ఒకసారి ఎవరో తమ పిల్లవాడిని ఉయ్యాల కిందే దొడ్డికి కూర్చోబెట్టి, పైన టిష్యూ కాగితం కప్పి పోయారు. బాత్రూమ్ పట్టుమని పది అడుగుల దూరం లేదు.

"వీళ్లకు రోగమంటే భయమే గని రోత లేదు" అంది సుచిత్ర చీపురు విసిరికొట్టి. తర్వాత రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు.

గోపాలరావు సిటీలో కూర్చుని ఫోన్లో రెండు కట్టడులు పెట్టాడు. రమేష్ ఇంట్లో ఎవరూ గేటు దాటి ఊళ్లోకి పోకూడదు, పోతే పద్నాలుగు రోజులదాకా తిరిగి అడుగు పెట్టకూడదు. గెస్టులు ఉన్నంతసేపూ పనివాళ్ల పిల్లలు బయట కనిపించకూడదు. "వాళ్లూ పిల్లలతో వచ్చేవాళ్లేనమ్మా, భయపడతారు" అన్నాడు, తనకేదో జాలి ఉన్నట్టు. దాంతో శుక్రవారం కారు హారను వినపడగానే సుచిత్ర పిల్లలిద్దరినీ గదిలోకి తోసి బయట గొళ్లెం పెట్టేది. మొదట్లో బిందు ఏడ్చింది. తర్వాత ఎందుకని అడిగింది. కొన్నాళ్లకు అడగడం మానేసి, హారను వినగానే తమ్ముణ్ని చెయ్యి పట్టుకుని తనే లోపలికి పోయేది. బిడ్డకు బుద్ధి వచ్చిందని సుచిత్ర మురిసింది.

దసరా దగ్గరపడింది. సద్దుల బతుకమ్మ నాడు మాత్రం బిందు బయట ఆడాలని సుచిత్ర గట్టిగా అనుకుంది. బడి పోయింది, అమ్మమ్మ ఇల్లు పోయింది, తోటి పిల్లలు పోయారు. ఈ ఒక్క పండుగైనా పోనివ్వకూడదు. రమేష్ అడిగితే గోపాలరావు సరేనన్నాడు. తీరా గురువారం ఫోన్ చేసి, పండగ సెలవులకు ఒక ఫ్యామిలీ వస్తోందని చెప్పాడు.

"బతుకమ్మ కూడా ఉంటుందని చెప్పాను వాళ్లకి. కొంచెం పెద్దది పేర్చమ్మా" అన్నాడు. వడ్డించే వంటకాల్లో అదీ ఒకటన్నమాట.

సద్దుల నాడు, శనివారం పొద్దుటినుంచి తల్లీబిడ్డలు గెస్టులకు కనిపించకుండా వెనక గది ముందు కూర్చుని పేర్చారు. కంచె పక్కన తంగేడు, బీడు మూల గునుగు, రమేష్ నాటిన బంతి. గునుగుకు రంగులద్దింది బిందు, తంగేడు వరసలు తిప్పింది బిందు. పైన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మను నిలబెట్టింది కూడా బిందే. దాని వేళ్లు గోళ్లదాకా పచ్చగా అయ్యాయి.

సాయంత్రం గెస్టులావిడ పద్మజ గది దాకా వచ్చింది. మూతికి రెండు మాస్కులు, వాటి మీద ప్లాస్టిక్ అద్దం. వెనక ఆమె కూతురు అశ్రిత, బిందు ఈడుదే.

"సుచిత్రా, చాలా క్యూట్‌గా ఉంది. ఒక అరగంట ఇస్తావా? పిల్లలతో ఫొటోలు తీసుకుంటాం, దీని ఆన్‌లైన్ క్లాసులో చూపించాలి" అంది.

"ఇస్త మేడం. గని పేర్చింది మా బిందు. అది గూడ ఆడుతది."

"ఆడనీ. మాస్కు పెట్టుకుని కొంచెం దూరంగా."

ఆ మాట చాలు అనుకుంది సుచిత్ర. బిందుకు తల దువ్వి, పట్టులంగా తొడిగి, మాస్కు కట్టి, బతుకమ్మ తాంబాలం ఎత్తుకుని స్విమ్మింగ్‌పూల్ దగ్గరికి తీసుకుపోయింది.

పద్మజ బ్యాగులోంచి నీలం సీసా తీసి బతుకమ్మ చుట్టూ తిరుగుతూ కింది నుంచి పైదాకా పిచికారీ చేసింది. పసుపు గౌరమ్మ తడిసి, అంచులు కరిగి గునుగు మీదుగా కారింది. పూల వాసన పోయి ఆస్పత్రి వాసన వచ్చింది.

"అమ్మవారు గద మేడం" అంది సుచిత్ర.

"ఏమీ అనుకోకు. ఎవరెవరు ముట్టుకున్నారో ఏమో."

"ఎవ్వరు ముట్టలే. నేనే ముట్టిన" అంది బిందు.

పద్మజ భర్త చాక్‌పీసు తెచ్చి ఆరడుగుల దూరంలో నేల మీద ఒక గుండ్రం గీసి బిందును అందులో నిలబెట్టాడు. ఫోన్లో పాట పెట్టారు. పద్మజ పిల్లలు ముగ్గురూ బతుకమ్మ చుట్టూ ఒకటిన్నర చుట్లు పరుగెత్తి, విసుగొచ్చి ఆపేశారు. బిందు మాత్రం ఆ గుండ్రంలోనే తన చుట్టూ తాను తిరుగుతూ, వంగి లేస్తూ, ఒక్కతే చప్పట్లు కొట్టింది. రొట్టె, బెల్లం నలిపిన మలీద సుచిత్ర పళ్లెంలో తెస్తే అశ్రిత చెయ్యి చాపింది. తల్లి ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"ఇప్పుడు నిమజ్జనం" అంది పద్మజ.

సుచిత్ర తాంబాలం అందుకోబోయేలోపే పద్మజ భర్త దాన్ని ఎత్తి స్విమ్మింగ్‌పూల్లో వదిలాడు. పిల్లలు కేకలేస్తూ దూకారు. తంగేడు గుప్పిళ్లతో తీసి ముఖాల మీద విసురుకున్నారు. అశ్రిత గౌరమ్మ ముద్దను ప్లాస్టిక్ బాతు వీపు మీద కూర్చోబెట్టి నెట్టింది. పద్మజ వీడియో తీస్తోంది. ఆ పొద్దున్నే వాళ్ల చిన్నబాబు స్విమ్మింగ్‌పూల్ మెట్ల మీద నిలబడే నీళ్లల్లో ఉచ్చ పోశాడు. సుచిత్ర చూసింది, తండ్రీ చూశాడు. చూసి, క్లోరిన్ ఉందిగా అని నవ్వాడు.

 సుచిత్ర ఒక క్షణం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు నడుముకు చుట్టి, మెట్లు దిగి, చీరతోనే నీళ్లల్లోకి నడిచింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్? పిల్లలు బయటికి రండి, ముందు బయటికి రండి" అంటూ పద్మజ పరుగెత్తుకొచ్చింది. "ఇప్పుడు నీళ్లన్నీ మార్చాలి."

"మార్చుండ్రి మేడం. పొద్దుగాల మీ బాబు ఉచ్చ పోసినప్పుడే మార్చేదుండె" అంది సుచిత్ర, రొమ్ములోతు నీళ్లల్లో నిలబడి. బాతు మీది గౌరమ్మను కొంగులోకి తీసుకుంది. మునిగిన తాంబాలం కాలితో వెతికి పైకి తీసింది. చేతికందినన్ని పూలు అందులో వేసుకుని గట్టెక్కింది.

ఒక చేత్తో తాంబాలం, ఒక చేత్తో బిందు. నీళ్లు కారుతున్న చీరతో గేటు దగ్గరికి వచ్చేసరికి రమేష్ చంకలో చిన్నోడు, చెవి దగ్గర ఫోను.

"సారు లైన్ల ఉన్నడు. గేటు దాటితే పద్నాలుగు రోజులు రావద్దంటుండు" అన్నాడు.

"పద్నాలుగేంది, ఇరవై ఎన్మిది అని చెప్పు. తాళం తియ్యి."

రమేష్ ఆమె ముఖం చూశాడు. ఫోను కట్ చేసి జేబులో వేసుకున్నాడు. తాళం తీసి, తనూ బయటికి నడిచాడు.

ఊరి చెరువు దగ్గర ఆ ఏడు జనం పలచగా ఉన్నారు. పది పన్నెండు మంది ఆడవాళ్లు, కొందరు పిల్లలు. కరోనాకు ముందు ఫామ్‌హౌసుకు పాలు పోసిన యాదవ్వ సుచిత్రను ఆ వాలకంలో చూసి దగ్గరికి వచ్చింది. తన పూలు కొన్ని ఇచ్చి, చెదిరిన బతుకమ్మను మళ్లీ పేర్చింది. తడి గౌరమ్మ పక్కన తన గౌరమ్మను పెట్టింది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. సుచిత్రకు ఏడు నెలల తర్వాత గుండెల నిండా గాలి ఆడింది. కొలువు పోతే పోయింది, బిడ్డ ఆడుతుంది.

యాదవ్వ మనవరాలు వరసలోంచి బిందుకు చెయ్యి చాపింది. బిందు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"నన్ను ముట్టద్దు. నాకు కరోనా ఉన్నది" అంది.

ఆడవాళ్ల చప్పట్లు ఆగిపోయాయి. ఒకావిడ తన పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఎవ్వరు చెప్పిండ్రు బిడ్డా?" అంది యాదవ్వ.

"ఎవ్వరు చెప్పలే. నాకు ఎరుకే. ఎవరన్న రాంగనె అమ్మ నన్ను లోపటేసి గొళ్లెం పెడ్తది గద." బిందు గొంతు తగ్గించింది. "తమ్మునికి గూడ ఉన్నది అవ్వా. వాడు చిన్నోడు, ఏడుస్తడని వానికి చెప్పలే."

 ఇన్ని నెలలూ సుచిత్ర ఎవరెవరినో అసహ్యించుకుంది. పద్మజను, గోపాలరావును, డైపర్లు పారేసిన వాళ్లను. గొళ్లెం పెట్టింది మాత్రం వాళ్లెవరూ కాదు.

యాదవ్వ గౌరమ్మ మీది పసుపు తీసి సుచిత్ర చేతిలో పెట్టి, బిడ్డకు రాయమన్నట్టు సైగ చేసింది. సుచిత్ర గొళ్లెం పెట్టిన ఆ చేతిని చూసుకుంది. దాన్ని ఎత్తి బిందు బుగ్గను తాకాలంటే ఆమెకే రోతగా ఉంది.