వస్తానన్న మాట

తొంభైల్లో ఆఫీసు పని మీద పదిరోజులు దోహా వెళ్లాను. మొదటి శుక్రవారం ఊరు చూద్దామనుకుంటే, అక్కడి మా ఆఫీసు డ్రైవర్ రాజన్న, కరీంనగర్ వైపు మనిషి, తనకి డ్యూటీ ఉందని నన్ను స్నేహితుడు హసన్ భాయ్‌కి అప్పగించాడు.

హసన్ భాయ్ బంగ్లాదేశ్ దర్జీ. కూలీలుండే క్యాంపులో మనవాళ్ల బట్టలు కుడుతూ తెలుగు పట్టేశాడు. వారానికి ఆ ఒక్కరోజే ఆయనకి సెలవు. సముద్రం ఒడ్డు పొడుగునా నడిపిస్తూ, కనిపించిన ప్రతి పడవనీ "గిది పెద్దది, గది చిన్నది" అని చూపిస్తుంటే నవ్వలేక చచ్చాను.

సాయంత్రం ఒడ్డునే విడిపోతూ "వస్తా మరి" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మల్ల శుక్రారం! గీడనే!" అన్నాడు. ఆ తెలుగుకి నవ్వుకుంటూ వచ్చేశాను.

రెండో శుక్రవారం హోటల్లో హాయిగా పడుకున్నాను. మర్నాడు నన్ను విమానానికి తీసుకెళ్తూ రాజన్న అన్నాడు: "నిన్న హసన్ భాయ్ పొద్దుగూకేదాక ఒడ్డుమీదనే కూసున్నడు సార్. వస్త అన్నరట గద?"

"అది వెళ్తానని చెప్పడం కదయ్యా!"

"మనకెర్కే సార్. ఆయనకెట్ల ఎర్క?"

వెనక్కి తిప్పమనడానికి టైము లేదు. విమానాశ్రయం దగ్గర దిగి, అలవాటుగా "వస్తా రాజన్నా" అనబోయి నాలుక కరుచుకున్నాను.