వంతెన మీద అడిగిన అంకుల్

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే కసిరి పంపించే మనిషిని నేను. సింగపూర్‌లో మా హౌగాంగ్ బ్లాకు కింద చైనావాళ్ళు తమ ఏడో నెలలో పోయినవాళ్ళ పేరిట కాగితాలు కాలిస్తే, బూడిద ఆరేసిన బట్టల మీద పడుతోందని మొదటి ఫిర్యాదు రాసింది నేనే. పోయినవాళ్ళ కోసం ఉన్నవాళ్ళ బట్టలెందుకు పాడుచేస్తారని అడిగాను. ఇప్పటికీ అడుగుతాను. కానీ పోయిన ఏడాది జరిగిన ఒక సంగతిని ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పుట్టింది మలేసియాలో, పేరాక్ రబ్బరు తోటల్లో. బడి ఆరో తరగతితో సరి. ఇరవై ఏళ్ళకు సింగపూర్ దిగి ఓడల యార్డులో తాళ్ళ పనికి కుదిరాను. ఏ ముడి ఎంత బరువు ఆపుతుందో, ఏ తాడు ఎప్పుడు తెగుతుందో డిక్షనరీ పక్కన పెట్టుకుని పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. డిగ్రీలున్న ఇంజనీర్లతో వాదించాను. చాలాసార్లు గెలిచాను కూడా.

నా కూతురు సరోజ. దాని కూతురు నిత్య. నిత్య చదువు ముగించి, ఉద్యోగంలో చేరేలోగా స్నేహితురాలితో కలిసి రెండు నెలలు దక్షిణ అమెరికా తిరిగొస్తానంది. వీపున ఒక సంచి, అంతే. సరోజ ససేమిరా అంది. నేను మధ్యలో దూరాను. దానికి ఇరవై మూడేళ్ళు, ఆ వయసుకు నేను సముద్రం మీద వేలాడేవాణ్ణి, పంపించు, పూచీ నాది అన్నాను.

"దానికేమైనా అయితే ఇక మీ ముఖం చూడను నాన్నా" అంది సరోజ. అది కోపంలో అన్న మాట కాదు. నిదానంగా, బియ్యం కడుగుతూ అంది.

ఆ పిల్ల ఈక్వెడార్‌లో బాన్యోస్ అనే ఊరు చేరింది. నిప్పులకొండ పాదాన చిన్న ఊరు. నేను లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చి దాని గురించి చదివాను. వేడినీటి గుండాలు, జలపాతాలు, సైకిలు మీద తిరిగే లోయదారులు. ఊరి సంపాదన మాత్రం మనుషుల్ని వంతెనల మీంచి దూకించడం, తీగకు కట్టి లోయ దాటించడం, రబ్బరు పడవల్లో సుడుల్లోకి తోయడం. దూకబోతున్నానని నిత్య నాకు ముందుగా చెప్పలేదు. చెబితే తాళ్ళ మీద గంటసేపు ఉపన్యాసం ఇస్తానని భయమట! కాబట్టి నా వైపు నుంచి ఒక్క జాగ్రత్త మాట కూడా వెళ్ళలేదు. ఇది గుర్తుంచుకోండి.

ఒక ఉదయం ఏడింటికి నేను బ్లాకు కింద కాఫీ తాగుతుంటే వీడియో కాల్ వచ్చింది. అక్కడ ముందురోజు సాయంత్రం ఆరు. నిత్య నూడుల్స్ తింటోంది. ముఖం పాలిపోయి ఉంది, నోరు మాత్రం మామూలే, మాట చివర సింగపూర్ పిల్లల ఊతపదం 'లా'తో సహా.

"తాతా, ఇక్కడ కూడా అంకుల్స్ ఉన్నారు లా! ఎక్కడికి పోయినా క్వశ్చన్సే!"

అది చెప్పింది ఇదీ. వంతెన మీద గైడు దీనికి నడుముకీ తొడలకీ బెల్టులు కట్టి, తాడు తగిలించి, రెయిలింగు పక్క మెట్టు ఎక్కించాడు. అంతలో ఎడమ పక్క ఎవరో తెలుగులో మాట్లాడారు. చూస్తే, తలకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళ దాకా నిక్కరు వేసుకున్న మనిషి. మనవాళ్ళెవరో టూరిస్టు అనుకుంది. ఆ మనిషి గైడు వైపు చూసి, దీని వైపు చూసి అన్నాడట:

"కట్టినోడు ఈడే గదా. మరి సూసినోడెవడు?"

ఇది రెండుసార్లు "ఏంటి అంకుల్?" అంది. ఆయన రెండుసార్లూ అదే మాట అన్నాడు, విసుగ్గా. ఎవరు చెక్ చేశారని ఈ అంకుల్ అడుగుతున్నారు అని ఇది గైడుకు ఇంగ్లీషులో చెప్పింది. ఏ అంకుల్ అని గైడు నవ్వాడు. అయినా వంతెన చివరనున్న ఇంకొకణ్ణి పిలిచాడు. ఆ రెండోవాడు ఈల వేసుకుంటూ వచ్చి, వంగి, ఎడమ తొడ బెల్టు చూసి ఈల ఆపేశాడు. బెల్టు బకిల్‌లోంచి ఒక్కసారే వచ్చింది. తిరిగి వెనక్కి దూర్చలేదు.

అంటే ఏమిటో నాకు తెలుసు. నిలబడినంతసేపు గట్టిగానే ఉంటుంది. బరువు పడగానే జారుతుంది.

నిత్య దూకలేదు. దిగి థాంక్స్ చెబుదామని తిరిగితే ఆ మనిషి లేడు. వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయి ఉంటాడనుకుంది. దాని లెక్కలో కథ అక్కడితో సరి.

ఆయన అన్నమాట మళ్ళీ చెప్పమన్నాను. మూడుసార్లు చెప్పించాను. మూడుసార్లూ "సూసినోడు" అనే అంది. మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. పేపర్లు చదివి చదివి నా నాలుక నేనే మార్చుకుని నలభై ఏళ్ళ పైమాటే.

ఆ మాట ఎక్కడిదో చెప్పాలి. యార్డులో మేం ఏడుగురం, అంతా పేరాక్ తోటల నుంచి వచ్చిన తెలుగువాళ్ళం. మాకొక కట్టుబాటు ఉండేది. ముడి వేసినవాడు తన ముడిని తాను సరిచూసుకోకూడదు. వేసిన కన్ను తప్పు పట్టదు. వేసినవాడు "కట్టినోణ్ణి నేను, సూసినోడెవడు?" అని కేకవెయ్యాలి. ఇంకొకడు వచ్చి చేత్తో తడిమి "సూశాను" అనాలి. ఆ తర్వాతే మనిషి తాళ్ళకు వేలాడే చెక్కపలక మీద కూర్చుని ఓడ పక్కన దిగాలి. ఇది ఏ మాన్యువల్‌లోనూ లేదు, మా ఇంట్లో కూడా నేనెప్పుడూ చెప్పలేదు. మాది.

నా జోడీ అప్పన్న. వాడు కడితే నేను చూడాలి. ఒకరోజు చేతితొడుగులు ఇవ్వలేదని నేను ఫోర్‌మన్‌తో గొడవకు దిగాను. న్యాయం నాదే, ఇప్పటికీ నాదే. అప్పన్న కేకవేశాడట. నేను రాలేదు. తొందరపెడుతున్నారని తన ముడి తానే చూసుకుని దిగాడు. ముడి జారింది, మనిషి దక్కలేదు. పనివాడి అజాగ్రత్త అని కాగితం మీద రాసుకున్నారు. ఆ రాత మీద నేను పోట్లాడినంత ఎవరూ పోట్లాడలేదు. కానీ చూడాల్సినవాడు ఎక్కడున్నాడని వాళ్ళు నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. నా భార్యకు కూడా, కాలుజారి పడ్డాడని మాత్రమే చెప్పాను.

ఇక నా విచారణ. ఏడుగురిలో ఇవాళ మిగిలింది ఇద్దరం. రెండోవాడు జోహోర్‌లో మంచం మీద ఉన్నాడు. వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఇంటి గడప దాటి రెండేళ్ళయిందట. తువ్వాలు సాక్ష్యం కాదు, గ్యాంగంతా కట్టేవాళ్ళం. మా పెద్దలు వచ్చిన విశాఖ వైపు నుంచి టూరిస్టు ఎవరైనా ఆ వంతెన మీదికి రావచ్చు, ఆ యాస మాట్లాడవచ్చు. ఒప్పుకుంటాను. కానీ సరిగ్గా ఆ మాటే అడుగుతాడా?

నిత్య స్నేహితురాలు తీసిన వీడియో తెప్పించుకున్నాను. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నిత్య ఎడమ పక్కకు తల తిప్పి రెండుసార్లు "ఏంటి అంకుల్?" అంటుంది. మధ్యలో జవాబు వినేంత ఖాళీ. అందులో నది హోరు తప్ప ఏమీ లేదు. ఎడమ వైపు రెయిలింగు రెండడుగులే ఫ్రేములో పడింది. దాని అవతల మనిషి నిలబడి ఉండవచ్చు. అది కూడా ఒప్పుకుంటాను. తనకెవరూ కనబడలేదంది ఆ అమ్మాయి, కానీ తను ఫోన్‌లోకే చూస్తోంది.

సరోజతో సగమే చెప్పాను, గ్యాంగు కేక సంగతి ఎత్తలేదు. బెల్టు సంగతి వినగానే కూర్చుండిపోయింది. అంకుల్ సంగతికి వచ్చేసరికి "ఆయనెవరో చల్లగా ఉండాలి. మీరిక తవ్వకండి నాన్నా" అంది. నేను తవ్వకుండా ఉండే మనిషినా!

నిత్య తిరిగొచ్చాక గ్యాంగు గురించి, కేక గురించి చెప్పాను. అప్పన్న చావు గురించి చెప్పలేదు. అది తెలివైన పిల్ల, నేరుగా విషయానికొచ్చింది.

"తాతా, మీ గ్యాంగ్ ఫోటో ఉందా? చూపిస్తే చెప్పేస్తాను లా."

"లేదమ్మా. అప్పట్లో మాకు ఫోటోలెవరు తీశారు?" అన్నాను.

అబద్ధం. ఉంది. ఓడలు మరమ్మతు చేసే డ్రై డాక్ ముందు ఏడుగురం నిలబడి తీయించుకున్నది, ముఖాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. నా బట్టల కింద కవర్లో ఉంది. బయటికి తీస్తే అర నిమిషంలో తేలిపోతుంది. రుజువు ఏదీ అని ఊరందరినీ నిలదీసిన మనిషిని, ఆ అర నిమిషం పని చేయలేకపోతున్నాను. నిత్య వేలు అప్పన్న ముఖం మీద ఆగితే నేను నమ్మినవన్నీ మార్చుకోవాలి. ఆగకపోతే వాడు రాలేదని తెలుస్తుంది. రెండింటిలో దేనికి భయపడుతున్నానో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు.