మా అత్తయ్యగారు ఎంచిన గ్రాఫిక్స్ కార్డు

మా అత్తయ్యగారు పోయిన నెలలో కన్నుమూశారు. గురువారం పొద్దున్న కాకినాడ ఆసుపత్రి నుంచి మావారు ఫోన్ చేసి "అమ్మ వెళ్ళిపోయింది" అన్నారు. ఆ సమయానికి నేను మేడమీద గదిలో ఎవరిదో పెళ్ళి వీడియో సరిచేస్తున్నాను. తెరమీద దంపతులు తలంబ్రాలతో చేతులెత్తి అలాగే ఆగిపోయి ఉన్నారు.

రామచంద్రపురం బజారులో ఆవిడని తెలియనివాళ్ళు తక్కువ. మామయ్యగారు పోయాక ముప్పై ఏళ్ళపాటు జాకెట్టు ముక్కలు, ఫాల్సు, లంగాలు అమ్మే మ్యాచింగ్ సెంటర్ని ఒక్కరే నడిపారు. ఎవరైనా చీర తేకుండా వచ్చి "మామూలు ఎరుపేనండి" అంటే, "నా దగ్గర ఇరవై ఎరుపులున్నాయమ్మా, చీర పట్రండి" అని పంపేసేవారు. చీర తెచ్చాక ముక్కని దానిమీద పరిచి, గుమ్మం దిగి ఎండలోకి తీసుకెళ్ళి చూసేవారు. కలవకపోతే కలవలేదని చెప్పి ఎదురు కొట్టుకి పొమ్మనేవారు. ఇవన్నీ ఊరికి తెలిసినవే. కంప్యూటర్ స్విచ్చి ఎక్కడుంటుందో కూడా తెలియని ఆవిడ నా పనిని ఎలా నిలబెట్టారో మాత్రం మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. నేను రాయాలనుకున్నది అదే.

నేను ఇంట్లోనే పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి స్టూడియోలకి ఇస్తుంటాను. నా కంప్యూటర్ పెళ్ళికి ముందు పుట్టింట్లో కొన్నది. కొన్నేళ్ళు బాగానే పనిచేసింది. తరవాత కెమెరాలు పెద్దవయ్యాయి, వాటితోపాటు ఫైళ్ళూ బరువెక్కాయి. ఒకసారి ద్రాక్షారామం పెళ్ళివారి వీడియో చెప్పిన రోజుకి ఇవ్వలేకపోయాను. స్టూడియో ఆయన మర్యాదగానే, "మీ సిస్టమ్ లాగట్లేదు కదండి, ఈ సీజన్‌కి వేరేవాళ్ళకి ఇస్తానండి" అన్నారు. మావారు కూడా విసుగెత్తి, "ఎందుకొచ్చిన గొడవ, మానేసి కొట్లో కూర్చో. అమ్మకీ సాయంగా ఉంటుంది" అన్నారు.

నేను జవాబిచ్చేలోపే కంచం ముందు కూర్చుని ఉన్న అత్తయ్యగారే అన్నారు: "దాని పని మాన్పించి నాకు సాయం చేయిస్తావేంట్రా? ముందు అది ఎక్కడ ఆగుతోందో చూడనీ."

అన్నట్టుగానే భోజనం అయ్యాక మేడెక్కి నా పక్కన కూర్చున్నారు. రెండు గంటలు నేను చేసే పనే చూశారు. చివరికి, "ముక్కలు కత్తిరించేటప్పుడు బానే నడుస్తోందిగా అమ్మాయ్? రంగులు మార్చినప్పుడే మొరాయిస్తోంది. అవునా?" అని అడిగారు.

అవును. అంతవరకూ నేను కంప్యూటర్ మొత్తం పనికిరాకుండా పోయిందనే దిగులులో ఉన్నాను. బొమ్మల పని చూసుకోవడానికి గ్రాఫిక్స్ కార్డని విడిగా ఒకటి ఉంటుందనీ, నా దాంట్లో అది లేదనీ చెప్పాను. మర్నాటి నుంచి ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఒకాయన ఒకటి కొనమంటాడు, ఇంకొకాయన అది కొంటే బుద్ధిలేనట్టే అంటాడు. వారం తిరిగేసరికి నా దగ్గర తొమ్మిది పేర్లున్న చీటీ తయారైంది. అందులో అందరూ మెచ్చుకున్నదానికి చుట్టూ గీత గీసి ఆవిడకి చూపించాను.

"ఇది మన పెట్టెలో పడుతుందా?"

"పడుతుందనుకుంటానండి."

"అనుకోవడమేంటమ్మా? పెట్టే పట్టుకెళ్దాం."

అలా కంప్యూటర్ని పాత నేత చీరలో మూటకట్టి రాజమండ్రి బస్సెక్కాం. మూట ఆవిడ ఒళ్ళో పెట్టుకున్నారు, నాకివ్వలేదు. "ఏంటండి మామ్మగారూ, ఆ మూటలో?" అని కండక్టర్ అడిగితే, "మా కోడలి ఆఫీసండి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. కిటికీవైపు తిరిగి కళ్ళు కూడా తుడుచుకున్నాను.

షాపాయనకి యాభై ఏళ్ళుంటాయి. నేను గీత గీసిన కార్డే తీసి బల్లమీద పెట్టారు. రెండు ఫ్యాన్లతో ఇటుకంత ఉంది. "ఇది వేసుకుంటే అయిదేళ్ళు చూడక్కర్లేదండి" అన్నారు నాతో.

"దీనికి కరెంటు ఎక్కణ్ణుంచండి?" అని అత్తయ్యగారు అడిగారు. ఆయన జవాబు నాకు చెప్పబోతే, "అడిగింది నేనండి" అన్నారు నవ్వుతూ.

ఆయన మూట విప్పి, పెట్టె తెరిచి లోపల లైటు వేసి చూశారు. కరెంటు ఇచ్చే భాగం చిన్నదట. ఆ కార్డుకి కావలసిన విడి వైరు దానికి లేదు. కార్డు పొడుగు కూడా ఎక్కువై హార్డ్ డిస్క్ అరకి తగులుతోంది. రెండూ మార్చేస్తే సరిపోతుందన్నారు.

"కార్డు కోసం కరెంటుదీ, కరెంటుదాని కోసం డబ్బా మార్చుకుంటూ పోతే ఇక మాదంటూ మిగిలేదేంటండి? ఉన్నదానికి కలిసేది చూపించండి."

ఆయన లోపల్నుంచి వాడేసిన కార్డొకటి తెచ్చారు. చిన్నదే, పనితనంలో పెద్దదానికి దగ్గరగా ఉంటుందన్నారు. అత్తయ్యగారు దాన్ని వెనక్కి తిప్పి చూస్తూ, "ఇది ఇంతకుముందు ఏం పని చేసిందండి?" అన్నారు.

ఆయన, "తెలీదండి. అబద్ధం ఎందుకు, రాత్రింబవళ్ళు నడిపి అమ్మేసినవీ వస్తుంటాయి" అన్నారు.

"తెలీదన్నారు కాబట్టి మీ దగ్గరే కొంటాం. ఇది మాత్రం వద్దండి."

అప్పటికి ఆయనకీ ఉత్సాహం వచ్చినట్టుంది. స్టూలు లాక్కుని కూర్చుని, మూడో పెట్టె తీశారు. అరచేతిలో పట్టేంత కొత్త కార్డు, ఒకటే ఫ్యాను. విడిగా వైరు అక్కర్లేదు, బోర్డులో గుచ్చినచోటే కావలసిన కరెంటు తీసుకుంటుంది. "పెద్ద గేములకి పనికిరాదండి, ముందే చెబుతున్నాను" అన్నారు.

"మా అమ్మాయి ఆటలాడదండి. పెళ్ళిళ్ళు చేస్తుంది."

ఆయన పగలబడి నవ్వారు. బిల్లు రాయబోతుంటే అత్తయ్యగారు సంచిలోంచి మా మానిటర్ తీగ బయటికి తీశారు. ఎప్పుడు పెట్టుకున్నారో నేను చూడనేలేదు. "ఈ నీలం మూతి తీగ దీంట్లో ఎక్కడ పెట్టాలండి? నాకు చోటు కనబడట్లేదు."

నిజంగానే లేదు. మా పాత మానిటర్ తీగ కొత్త కార్డుకి పట్టదు, మధ్యలో చిన్న కన్వర్టర్ ఒకటి కావాలి. వారం రోజులు వీడియోలు చూసిన నాకు తట్టలేదు, అదే వ్యాపారంలో ఉన్న ఆయనకీ తట్టలేదు. "నేను చూసుకోలేదండి" అని ఆయన చెంపలు వేసుకున్నంత పనిచేశారు.

కార్డు బిగించాక, అందులో ఉన్న ద్రాక్షారామం వీడియోనే పెట్టి చూశాం. ఇంట్లో ఎక్కడ ఆగిందో ఆ చోటు దాటి హాయిగా సాగిపోయింది. నేను మళ్ళీ మొదటికి తిప్పి చూశాను. అత్తయ్యగారు మాత్రం తెరకి దగ్గరగా వంగి, "ఆ పిల్ల చీర రంగు అది కాదే" అన్నారు. "జాకెట్టు ముక్క నేనే ఇచ్చాను. వంగపండు రంగు. ఇక్కడ మిరపపండులా ఉంది."

"అది నేను సరిచేయాలండి. మెషిన్ ఆగిపోతుందని ఇన్నాళ్ళూ వదిలేస్తున్నాను."

"అయితే ఇక వదలకు."

వదల్లేదు, ఆవిడ వదలనివ్వలేదు. మధ్యాహ్నం కొట్లో బేరాలు పలచబడే వేళకి మేడెక్కి వచ్చేవారు. "ఇంకొంచెం ఎరుపు తగ్గించు. ఆ... చాలు. ఇది కనకాంబరం, నారింజ కాదు" అంటుంటే నేను మీటలు జరిపేదాన్ని. ఏడాది తిరక్కముందే, "మీరు చేస్తే చీరలు చీరల్లా ఉంటాయండి" అంటూ స్టూడియోలవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. పని తీసేసుకున్న ఆయనా వచ్చారు. ఒకరోజు మావారు చెప్పాపెట్టకుండా చేతుల కుర్చీ ఒకటి భుజాన వేసుకుని మేడమీదికి తెచ్చి, నా కుర్చీ పక్కన వేసి వెళ్ళిపోయారు.

కిందటేడు ఆవిడకి కంట్లో పొర తీశారు. కొన్నాళ్ళకి మళ్ళీ పక్కన కూర్చుని, అంతకుముందు ఇద్దరం కలిసి పూర్తిచేసిన పెళ్ళి చూస్తూ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, ఈ పంచెలేంటి ఇలా ఉన్నాయి? నీలిమందు ఎక్కువైనట్టున్నాయే."

అంతకుముందు ఆ తెల్లపంచెలు పసుపుగా ఉన్నాయని పట్టుబట్టి మార్పించింది ఆవిడే. కంటిపొర వల్ల అలా కనబడ్డాయని నేను చెప్పకుండానే ఆవిడకి అర్థమైంది.

"ఎవరూ ఏమీ అనలేదు కదండి, అత్తయ్యా" అన్నాను.

"వాళ్ళకి తెలీదమ్మా. మనకి తెలిసిందిగా."

అలా చేసిన పెళ్ళిళ్ళు మూడున్నాయి. ముగ్గురికీ ఆవిడే ఫోన్ చేసి, "నా కన్ను పొరబడిందండి, మళ్ళీ చేసిస్తాం" అని చెప్పారు. ఒకరైతే అక్కర్లేదని బతిమాలారు. వాళ్ళకీ పంపించాం. ముప్పై ఏళ్ళు రంగు చూసి బతికిన మనిషి, తన కన్నే తప్పు చూసిందని అంత మామూలుగా ఒప్పుకోవడం నేనింకెక్కడా చూడలేదు. నా పనిలో నాకేదైనా నిజాయితీ ఉందంటే అది ఆ మూడు ఫోన్లు విన్నాక వచ్చిందే.

ఈ చలికాలంలో ఊపిరి అందక ఆసుపత్రిలో పడ్డారు. పది రోజులకే అయిపోయింది. ఆ కార్డు ఇంకా పనిచేస్తోంది. పాత కంప్యూటర్‌కి ఏ కార్డు వేసుకోమంటారని ఈమధ్య కొందరు నన్ను అడుగుతుంటారు. నేను పేరు చెప్పను, ఆవిడ షాపులో అడిగిన ప్రశ్నలన్నీ వరసగా చెబుతాను.

ఒంటరిగా ఉన్నప్పుడు నాకు గుర్తొచ్చేది మాత్రం, కంటి కట్టు విప్పిన మర్నాటి ఉదయం. టీ గ్లాసుతో వెతుక్కుంటూ వెళ్తే ఆవిడ డాబామీద ఉన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకునే ఉండమని డాక్టరు చెప్పినా, వాటిని నుదుటిమీదికి తోసేసి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డారు. పక్కింటివాళ్ళు అప్పుడే ఉతికిన బట్టలు ఆరేస్తున్నారు. ఒక్కో బట్టా దండెంమీద పడుతుంటే ఆవిడ తనలో తాను పేర్లు చెప్పుకుంటున్నారు.

"గంధం... ఉల్లిపొర... చిలకపచ్చ... అబ్బ, ఇది చిలకపచ్చే..."