అడవినాభి పొట్లం

నా చిన్నప్పుడు మా నాయనమ్మ దగ్గర మందు పుచ్చుకోవడం అంత తేలిక కాదు. పొట్లం చేతిలో పెట్టి, ఎలా వాడాలో ఒకసారి చెప్పి, తీసుకున్నవాళ్ళ చేత మూడుసార్లు తిరిగి చెప్పించేది. డెబ్బై ఏళ్ళ ముసలాయనైనా సరే, బడిపిల్లాడిలా అప్పజెప్పాల్సిందే. వాళ్ళు విసుక్కునేవాళ్ళు. నాకు మాత్రం ఆ తంతు చూడ్డం సరదా.

మాది చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే దారిలో చిన్న ఊరు. వానలు పడ్డాక పశువులు మేసే బీట్లో అడవినాభి తీగలు లేచేవి. ఆకు కొస మెలితిరిగి పక్కనున్న గడ్డిని పట్టుకుని పైకి పాకేది. పువ్వు అడుగున పసుపు, పైన ఎరుపు, పొయ్యిలో మంటలా ఉండేది. ఆవులు దాన్ని మూతితో కూడా తాకేవి కావు. దాని దుంప నాగలి ఆకారంలో ఉంటుంది. నాయనమ్మ ఆ దుంప తవ్వి, ముక్కలు కోసి, ఆవు పంచితంలో రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి పొడి కొట్టేది. కీళ్ళ వాపులకు నూనెలో కలిపి పైన రాయడానికి. ఆ పని చేస్తున్నంతసేపూ, ఆ పొడి ఎవరికైనా ఇచ్చేటప్పుడూ నన్ను ఆ వైపు రానిచ్చేది కాదు. అందుకే ఆ పొడి దేనికో అప్పట్లో నాకు తెలీదు.

పక్కింటి అక్క మాడుగుల దగ్గర నుంచి కొత్తగా కాపురానికి వచ్చింది. నడుం దాటిన జడ ఆమెది. రోజూ నన్ను మెట్టు మీద కూర్చోబెట్టుకుని జడ వేసేది. చెరుకు తోటల్లో వంగి వంగి ఆమె మోకాళ్ళు వాచిపోయాయి. ఆమె కోసమే నాయనమ్మ పొట్లం కట్టి గూట్లో పెట్టింది. అది నాకు పదో ఏడు.

ఒక రోజు నాయనమ్మ వడ్డాది సంతకు వెళ్తూ, "అక్కొస్తే నానొచ్చినదాకా కూకోమను. పొట్లం ముట్టుకున్నావంటే సేతులిరిసేస్తాను" అని హెచ్చరించింది.

అక్క వచ్చింది. పనిలోకి వెళ్ళే తొందరలో ఉంది. "ఏటే డాక్టరమ్మా, మీ నాయనమ్మ లేదా? నువ్వైనా మందియ్యవే" అని నవ్వింది. ఆ పిలుపు నా తలకెక్కింది. గూట్లోంచి పొట్లం తీసి ఇచ్చాను.

"తినాలా, రాసుకోవాలా?" అనడిగింది.

తెలీదంటే డాక్టరమ్మ కాస్తా మళ్ళీ ఉత్త గుంట పిల్లనైపోతాను. నాయనమ్మ దగ్గు పొడి అందరికీ తేనెలోనే వేసేది. అది గుర్తొచ్చింది. "తేనెలో కలిపి నాకాలి. నాయనమ్మ సెప్పమంది" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. మూడుసార్లు అప్పజెప్పించాను కూడా. పాపం, నవ్వుతూనే అప్పజెప్పింది.

మధ్యాహ్నం దాటేసరికి పక్కింట్లోంచి వాంతుల చప్పుడు మొదలైంది. రాత్రి తిన్న చేపల పులుసు పడలేదని అత్తగారు మజ్జిగ తాగిస్తోంది. ఆ వాంతులు నా పొట్లం వల్లేనేమోనని భయం పట్టుకుంది. అయినా కదల్లేదు. నాయనమ్మ సంత నుంచి వచ్చి, ఖాళీ గూడు చూసి, పొట్లమేదని అడిగింది. అక్కకిచ్చాను, రాసుకోమన్నాను అని చెప్పాను.

నాయనమ్మ పక్కింటి వాంతుల చప్పుడు విని నా మొహంలోకి చూసింది. తర్వాత డబ్బాలో మిగిలిన పొడి అరచేతిలో వేసుకుని తేనె సీసా దించింది. "సంతంతా తిరిగీసరికి నాకూ మోకాళ్ళు లాగేస్తన్నాయి. కాస్త ఏసుకుంటాను" అంటూ చేతిని నోటి దగ్గరకు తీసుకెళ్ళింది.

నేను ఆ చేతిని పట్టుకుని వేలాడాను. "తినకు నాయనమ్మా! అక్కని తినమన్నాను!"

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పొడిని బూడిదలో కలిపేసి, చెయ్యి కడుక్కుని, ఒక పచ్చి దుంప గుడ్డలో మూటకట్టి, నా రెక్క పట్టుకుని పక్కింటికి పరుగెత్తింది. అందరం బండి కట్టించుకుని అక్కను చోడవరం ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

నాయనమ్మ డాక్టరు బల్ల మీద దుంప పెట్టింది. "దీని పొడి తినేసింది బాబూ. తేనెలో నాకమని నానే సెప్పమన్నాను."

నా అబద్ధాన్ని ఆమె తన మాట చేసేసుకుంది. "ముసిల్దానా, నా కోడల్ని సంపీసేవే!" అని అక్క అత్తగారు అందరి ముందూ మీద పడింది. నాయనమ్మ తల వంచుకుంది. నేను ఆమె కొంగు వెనక దాక్కున్నాను. మంచం మీంచి అక్క నా వైపే చూసింది. నా మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది. ఆమె కూడా నా పేరు బయటపెట్టలేదు.

అక్క బతికింది. కానీ రెండు వారాలకు, దువ్వెన పెడితే చాలు, ఆ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చింది. కొన్నాళ్ళు తలకు గుడ్డ చుట్టుకుని తిరిగింది. తర్వాత జుట్టు మళ్ళీ వచ్చింది. జడేస్తాను రావే అని పిలిచింది కూడా. నేనే వెళ్ళలేకపోయాను.

మందు కోసం మా గుమ్మం తొక్కేవాళ్ళు ఆగిపోయారు. ఎందుకలా చెప్పావని నాయనమ్మను ఒకసారి అడిగాను. "పొట్లం నీకందీ సోట ఎట్టడం నా తప్పే కదే. అయినా నీకు పదేళ్ళు, నాకు అరవై. ఆ మాట నువ్వు మొయ్యగలవా?" అంది. తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

నాయనమ్మ, అక్క ఇద్దరూ ఇప్పుడు లేరు. ఈ మధ్య చోడవరంలో ఒక పెళ్ళిలో, అక్క వాళ్ళ బంధువు ఒకాయన నన్ను గుర్తుపట్టి, "విషం తినిపించిన మందులావిడ మీ నాయనమ్మే కదండీ?" అని నవ్వాడు. నేనూ నవ్వి, ఆ కాలం అలాంటిదండీ అనేశాను. పదేళ్ళ పిల్లను కాదు. నాయనమ్మ అప్పటి వయసు దాటినదాన్ని.

తెలియని సంగతి తెలీదనడం నాకు ఆ రోజే వచ్చేసింది. ఇప్పటికీ ఎవరేమడిగినా ముందు నోటికొచ్చేది ఆ మాటే. తెలిసిన ఒక్క నిజం మాత్రం ఇన్నేళ్ళూ నోరు దాటలేదు. తేనెలో కలిపి నాకమన్నది మా నాయనమ్మ కాదు. నేను.