కాయకు రకం రాసిన రోజు

నిన్న కొత్త ల్యాప్‌టాప్‌లోకి పాత ఫైళ్లు ఎక్కిస్తుంటే ‘కాయ’ అనే ప్రోగ్రాం కంటబడింది. తెరిచి నాలుగు వరుసలు చదివేసరికి, పొదిలి దగ్గర మా అత్తగారి ఊరి కళ్లంలోని మిరప ఘాటు ముక్కుకెక్కినట్టయి, ఒక్కదాన్నే కూర్చుని తుమ్మి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అప్పటికి లెక్కల టీచరు ఉద్యోగం మానేసి పైథాన్ నేర్చుకుంటున్నాను. మిరపకాయలు పరిచి ఫోటో తీస్తే, ఎర్రకాయల్లో తెల్లబారిన తాలుకాయలెన్నో చెప్పే ప్రోగ్రాం రాశాను. చెప్పేది, కాకపోతే ఫోటోకి అరగంట. వేగం పెరుగుతుందని సీ భాషలోకి మార్చినా అంతే. ఆ వేసవి ఒకరోజు పడమట మబ్బు కమ్మింది. కళ్లంలో ఆరు కుప్పలు, ఏరడానికి వచ్చింది నలుగురే. తాలు తక్కువున్న కుప్పల్ని ముందే బస్తాలకెత్తి, మిగతావి పట్టాల కింద దాచి తర్వాత ఏరుకోవాలి. కంటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. కుప్పకో తట్టెడు పరిచి ఫోటోలు తీశాను. ఎనభై దాటిన మామగారు తలగుడ్డ బిగిస్తూ, “అమ్మాయ్, నీ పెట్టె చెప్పేలోపు వానొచ్చి చెబుద్ది” అన్నారు.

నరసరావుపేటలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే మా తోడికోడలు నా పక్కన చతికిలబడింది. “సీ భాషలోకి మార్చావు గానీ, అక్కా, ఏది అంకె, ఏది మాట అని దేనికీ రకం చెప్పలేదు. ప్రతి అంకెనీ ఆపి నువ్వెవరని అడుగుతోంది. ఇంక కదిలేదెప్పుడు?”

వెంటనే ఒక్కో కాయ వివరాలు దాచే ‘కాయ’ క్లాసు ముందు, ఇది సీ రకమని చెప్పే సీడెఫ్ అన్న మాట చేర్చి, ఎరుపూ పొడవూ పూర్ణాంకాలని ప్రకటించి నడిపాను. ‘ఎరుపు’ అన్న లక్షణమే లేదంది! కళ్లెదుట అంతెత్తు ఎర్రటి కుప్పలు పెట్టుకుని ఎరుపు లేదనిపించుకున్నాను.

“క్లాసుకి చెప్పావు. దాన్ని అందుకునే ఫంక్షన్‌కి, వచ్చేది కాయేనని చెప్పావా? చెప్పకపోతే పాత పైథాన్ దారిలోనే వెతుకుద్ది. సీలో దాచినవి ఆ దారిలో కనపడవు.”

ఆ ఒక్క మాటా రాయగానే దారిన పడింది. ఫోటోలోని చుక్కల వరుసకీ, అందులో అడ్డం, నిలువు స్థానాలు లెక్కపెట్టే ఐ, జేలకీ కూడా రకాలు రాయించింది. ఇక అడగడాలుండవు, నేరుగా ఆ స్థానంలోనే చెయ్యి పెడుతుందట. నాకు ఆవేశం వచ్చేసింది. “వరుస దాటిపోతున్నామా అని చూసే హద్దుల తనిఖీ కూడా తీసేద్దామే!”

“ఆగక్కా! లెక్క సరిపోనీ. తనిఖీ తీసేశాక హద్దు దాటితే చెప్పాపెట్టకుండా కూలుద్ది.”

మీట నొక్కాను. రెప్ప వేసేలోపు జవాబు. పాడైందేమోనని మళ్లీ నొక్కాను, అదే జవాబు. ఏరేవాళ్లలో పెద్దామెతో ఒక తట్ట చేత్తో లెక్కపెట్టిస్తే రెండే కాయల తేడా. ముప్పై ఏళ్లు పిల్లల్ని అరవొద్దన్న నేను కళ్లమంతా వినపడేలా అరిచాను: “మామయ్యగారూ, మూడూ ఐదూ ఎత్తించండి!”

“అప్పుడే చెప్పేసిందా!” అంటూ ఆయనే గోనెసంచీ అందుకున్నారు. ఆఖరి బస్తా మూతి కుట్టి, మిగతా కుప్పల మీద పట్టాలు లాగుతుండగా తొలి చినుకు పడింది.

ఫోటోకి ఎంత సమయం ఆదా అయిందో అప్పట్లో అందరికీ చెప్పుకుని తిరిగాను, ఇప్పుడా అంకె గుర్తులేదు. గాలికెగిరే పట్టా అంచు చెరోవైపు పట్టుకుని, తడుస్తూ, తోడికోడళ్లం ఇద్దరం నవ్విన ఆ కాసేపు మాత్రం ఇన్నేళ్లయినా అయిపోలేదు.