ఎరుపు వెలిసిన చీర

బాగేపల్లి నుంచి చింతామణి దాకా ఏ పట్టుపురుగూ మునిలక్ష్మమ్మను అడగకుండా గూడు కట్టదు. పదో తరగతి మధ్యలో మానేసిన ఆమె మనవరాలు రక్షిత ఊరంతా చెప్పుకు తిరిగే మాట ఇది.

పురుగు పండిందో లేదో తెలియాలంటే మునిలక్ష్మమ్మ ఎడమ కన్ను మూసి, దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తుంది. ఒళ్ళు తేటపడి మెరిస్తే గూడు అల్లుకోవడానికి వదులుతుంది. చింతామణిలో కొన్న ఎర్ర చీరనూ ఒకనాడు అట్లే ఎత్తి చూసింది. ఎరుపు ఇటుకపొడిలా వెలిసి కనిపించింది. కుడి కన్ను తిప్పితే నొప్పి కూడా ఉండేది గానీ, పురుగుల వెచ్చదనానికి పెట్టే కుంపటి పొగ అనుకుంది. చీర పట్టుకుపోయి అంగడి పట్టాభిరామ శెట్టి మీద విరుచుకుపడింది. ఆయన మార్చనన్నాడు. రెండు నెలలకు ఎరుపు తనంతట తానే తిరిగొచ్చింది.

"నా తిట్లకు బయపడి వచ్చిండాది సూడు!" అని ఆమె గొప్ప.

రెండేళ్ళ తర్వాత చలికాలంలో, బొగ్గుల కుంపటి పెట్టిన పురుగుల ఇంట్లో ఆమె ఎడమ కాలు మొద్దుబారింది. తల వంచితే వెన్నులో కరెంటు పాకినట్టయ్యేది. బయట చల్లగాలిలో కూర్చుంటే కొంచెం తేలిక. దాంతో అందరూ పురుగుల ఇంటికే దిష్టి తగిలిందని గడపకు నిమ్మకాయలు కట్టారు. కొడుకు అమరనాథ్ పక్షవాతమేమోనని నూనె రుద్దించాడు. కాలు ఈడ్చడం ఎక్కువయ్యాక చిక్కబళ్ళాపురం ఆస్పత్రివాళ్ళు బెంగళూరు నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

"ఇంతకు ముందు చూపులో ఏమైనా తేడా వచ్చిందా?"

"ఏమీ లేదమ్మా."

రక్షితకు నవ్వు ఆగలేదు. "చీర సంగతి చెప్పవ్వా! శెట్టిని తిట్టి రంగు తెప్పిస్తివి కదా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఏ కంటితో చూశారు?" అంది.

మెదడుకూ వెన్నుకూ స్కానింగు తీశారు. మచ్చలు కనిపించాయి, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. నడుములోంచి నీరు తీసి పరీక్షించారు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే నరాల మీది పొరను తినేస్తోంది. అప్పుడు కంటి దగ్గర, ఇప్పుడు వెన్నులో. పూర్తిగా పోయే జబ్బు కాదు. స్టెరాయిడ్ డ్రిప్పుతో ఈ దెబ్బ త్వరగా తగ్గుతుంది. మళ్ళీ మళ్ళీ రాకుండా ఏళ్ళ తరబడి వేరే మందు వాడాలి. వేడి కొత్తగా ఏమీ చెడపదు గానీ, పాత దెబ్బను లేపుతుంది.

మునిలక్ష్మమ్మ ఒక్కటే అడిగింది. "పురుగుల ఇంట్లోకి పోవచ్చునా?"

పురుగులకు వెచ్చదనం కావాలి. ఆమె నరాలకు అది పడదు. డ్రిప్పులు అయిపోయి ఇంటికొచ్చాక, పెంపకమే ఆపేద్దామన్నాడు అమరనాథ్. ఆమె విస్తరి ముందు నుంచి లేచిపోయింది. ఆ పూట ఎవరూ తినలేదు.

ఇప్పుడు గడప బయట నీడలో ఆమెకొక కుర్చీ ఉంది, పక్కన చేతికర్ర. పురుగులే తట్టల్లో ఆమె దగ్గరికి వస్తాయి. ఎత్తి చూసేటప్పుడు ఇప్పుడు మూసేది కుడి కన్ను.

రక్షిత ఇదంతా రాసి, మొదటి మాట నుంచి చదివి వినిపించింది.

"పురుగులు నన్నేమీ అడగల్యా. మొద్దుబారేటప్పుడు కాలూ అడగల్యా," అంది మునిలక్ష్మమ్మ. "రాసింది చాలు, ఆ తట్ట ఇట్ల తే."